చైనా పురాణానికి అర్థం

ఆ చైనా బొమ్మల కథ అసలు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సీడీ పైన ఐదు చైనా అక్షరాలు ఉండేవి, ఒక్కొక్కటీ కూలిపోయిన గడ్డివామిలా. మా ఊళ్ళో దాన్ని చైనా పురాణం అనేవాళ్ళు. పేరు కూడా తెలియని దాని మీద ఇంత మోజేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పేరు, ఇంటిపేరు, గోత్రం అన్నీ విచారించి చేసుకున్న పెళ్ళే నాకు రెండేళ్ళు నిలవలేదు. ఈ కథ ఆరేళ్ళు నిలిచింది.

పుట్టింటికి తిరిగొచ్చాక నేను రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరాను. మా ఊరి నుంచి బస్సులో ముప్పావు గంట. రోజంతా బెల్టు లూపులు కుట్టడమే నా పని. మా మిషన్లన్నీ చైనావి. అవి మొండికేస్తే దారికి తెచ్చేవాడు దివాకర్. విడిభాగాల కోసం అతను బెంగళూరు పోయేవాడు. అక్కడి మిషన్ల షాపుకు ఏడాదికోసారి చైనా నుంచి ఒక మెకానిక్కు వచ్చి రెండు నెలలు ఉండేవాడట. ఊరుగాని ఊళ్ళో పొద్దు పోవడానికి ఆయన ఈ సీడీలు వెంట తెచ్చుకునేవాడు. చూసేసినవి దివాకర్ చేతిలో పెట్టేవాడు. దివాకర్‌కు బొమ్మలు చూసే ఓపిక లేదు. "మల్లీశ్వరక్కా, నీ ప్లేయరుకు మేత తెచ్చినా" అని నాకిచ్చేవాడు. అలా 2001 నుంచి ఏడాదికి పది పదిహేను సీడీలు మా ఇంటికి చేరాయి. ఆ కథ అక్కడ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది మరి.

ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మొదటి సీడీ మొదటి పావుగంటకే నేను పడిపోయాను. తెల్ల అంగీ వేసుకున్న ఒక కుర్రాడు, వీపున కత్తి, వెంట ఒక తెల్లనక్క. కొండలు దాటి పోతుంటాడు, పోతూనే ఉంటాడు. వాడికి కోపం వస్తే అరవడు. అంగీ చేతిని నిదానంగా రెండు మడతలు పైకి మడుచుకుంటాడు, రెండు వేళ్ళు జోడించి రొమ్ముకు ఆనించుకుంటాడు, అంతే. మన సినిమాల్లో అరుపులు విని విని ఉన్న నాకు ఆ నిదానం చూస్తే ఒళ్ళు జలదరించేది. గాలి వస్తే గడ్డిపరకలన్నీ ఒక్కసారే ఊగవు, ఒకదాని వెనక ఒకటి ఊగుతాయి. ఇదంతా ఎవరో కూర్చుని చేత్తో గీశారని దివాకర్ చెప్పాడు. రోజుకు ఎనిమిది వందల లూపులు కుట్టేదాన్ని నేను. ఒకే పని వెయ్యిసార్లు, వెయ్యోసారి కూడా వంకర పోకుండా చేయడం ఎంత కష్టమో నాకు ఒకరు చెప్పాలా? ఆ గడ్డి గీసినవాళ్ళకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఇక నీళ్ళు. ఆ కథ నిండా నీళ్ళే. వాగు, చెరువు, జలపాతం, మంచు, వాన. పక్కింటి రామక్క నీళ్ళ కోసమే వచ్చి కూర్చునేది. "ఎన్ని నీళ్ళే తల్లీ! వొగ చెంబుడు ఈ పక్కకి పోస్తే వీళ్ళ సొమ్మేం పోయింది!" అని ప్రతి ఆదివారం అనేది. ప్రతి ఆదివారం అందరం నవ్వేవాళ్ళం.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. మా నాయన తిప్పన్న. ఇరవై గొర్రెలు, నాలుగెకరాల మెట్ట. ఒకప్పుడు ఆయనను చుట్టుపక్కల అర్థం తిప్పన్న అనేవాళ్ళు. మా పక్క వాన ముఖం చాటేస్తే పురాణం చదివిస్తారు. ఒకరు పద్యం రాగం తీసి చదివి ఆపుతారు, ఇంకొకరు దాని అర్థం చెబుతారు. చదివేవాడికి అక్షరాలు వస్తే చాలు, అర్థం చెప్పేవాడికి నోరు ఉండాలి. మా నాయన చెబుతుంటే ఆడవాళ్ళు పొయ్యి మీద సంగటి మాడ్చుకునేవాళ్ళు. దీనికి ఒక కట్టుబాటు ఉంది. కథను చావు దగ్గర ఆపకూడదు. పొద్దు వాలినా, గొంతు పోయినా సరే, మంచి ఘట్టం వచ్చేదాకా చదివి, మంగళహారతి ఇచ్చే లేవాలి. లేకపోతే ఆ చావు ఊరి మీదే ఉండిపోతుందని నమ్మకం.

1996లో మా ఊళ్ళో పురాణం పెట్టారు. చదివేది పెద్ద రైతు బయ్యన్న. ఒక పసివాణ్ణి ఆరుగురు వీరులు చుట్టుముట్టి చంపే ఘట్టం వచ్చింది. ఆ నెలలోనే ఊరి పెద్దలు ఆరుగురు కలిసి, బయ్యన్న బోరుకు అడ్డమని ఎర్రన్న అనే చిన్న రైతు బోరు మూయించారు. మా నాయన నోరు ఊరుకుంటుందా?

"ఒగ పిల్లోని మీదికి ఆరు మంది పెద్ద మనుషులు పోయినారప్పా. యాడో జరిగిందనుకుంటాండారేమో! మన ఎర్రన్న బోరు కాడికి ఎట్ల పోయినారో అట్ల!" అన్నాడు.

బయ్యన్న పుస్తకం మూశాడు, గుడ్డలో చుట్టాడు, ఇంటికి పోయాడు. ఎవరు బతిమాలినా రాలేదు. పసివాడు చచ్చిన చోటే పురాణం ఆగిపోయింది. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు చినుకు లేక మాడిపోయింది. పుస్తకం మూసినాయన పెద్ద రైతు, నోరు తెరిచినాయన గొర్రెల కాపరి. తప్పు ఎవరి మీద పడిందో వేరే చెప్పక్కర్లేదు. తిప్పన్న నోటి దూల ఊరికి కరువు తెచ్చిందన్నారు. ఆ తర్వాత ఆయనను ఎవరూ అర్థానికి పిలవలేదు. ఆయనకూ ఆ మాట నిజమేనేమో అనే భయం పట్టుకుంది. ఐదేళ్ళు మా ఇంట్లో మాటలంటే సంగటి అయిందా, గొర్రెలు వచ్చాయా, అంతవరకే.

మొదటి ఏడు ఒక ఆదివారం నేను సీడీ పెట్టాను. రామక్క, మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. తెరమీద కనుబొమ్మలు రొమ్ముదాకా వేలాడే ముసలి గురువు ఏదో చెబుతున్నాడు.

"ఏం చెప్తాండాడే ఆ తాత?" అంది రామక్క.

"నాకేం తెలుసు రామక్కా, గమ్మున చూడు" అన్నాను.

మా నాయన అరుగు మీద అటు తిరిగి కూర్చుని తాడు పేనుతున్నాడు. చేతులు ఆగాయి. మెడ తిప్పి తెర వంక ఒక్క చూపు చూశాడు.

"ఆ తాత చెప్పేదేమంటే," అన్నాడు, "కత్తి తీసేది నేర్పించినా, నాయనా. ఒరలో పెట్టేది నువ్వే నేర్సుకోవాల అని."

నేను రిమోట్ నొక్కి బొమ్మ ఆపేశాను. ఎందుకు ఆపానో ఆ పూట తెలియలేదు, తర్వాత తెలిసింది. మా నాయన అర్థం చెప్పే గొంతు ఐదేళ్ళ తర్వాత విన్నాను.

ఆ తర్వాత అదొక పద్ధతి అయిపోయింది. మా ఊరికి పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటు, మళ్ళీ సాయంత్రమే. ఆదివారం తొమ్మిదికల్లా ఇంటి ముందు జనం. టీవీని గడప దగ్గరికి జరిపి టెంకాయ కొట్టేవాళ్ళం. నేను కాస్త నడిపి రిమోట్‌తో ఆపుతాను, మా నాయన అర్థం చెబుతాడు. మళ్ళీ నడుపుతాను. పద్యం చదివేది నేనన్నమాట. కథానాయకుడికి తెల్లంగోడని, ఎప్పుడూ నల్ల గొడుగుతో తిరిగే పగవాడికి గొడుగోడని పేర్లు పడ్డాయి. గొడుగోణ్ణి చూస్తే మా నాయనకు భలే హుషారు. "వాన లేని కాడ గొడుగు పట్టుకోని తిరిగేవాన్ని నమ్మొద్దండప్పా" అనేవాడు. చివర హారతి. ఏదైనా చావు దగ్గర ఆపకుండా నేను శనివారం సాయంత్రమే సీడీ చూసి పెట్టుకుని, ఎక్కడ ఆపాలో గుర్తుంచుకునేదాన్ని. ఆరేళ్ళలో ఒక్కసారీ తప్పు పోలేదు. పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చారు. ఎవరో మళ్ళీ అర్థం తిప్పన్న అని పిలిచారు. ఆ రోజు మా నాయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

2006 జూలై. అందరూ విత్తనం వేసి ఆకాశం వంక చూస్తున్నారు. ఆ ఏటి చివరి సీడీ ఆదివారం పొద్దున్నే, జనం కూర్చున్నాక తెచ్చాడు దివాకర్. ముందు చూసుకోవడానికి వేళ లేదు. పాత సీడీ ఏదైనా వేసి ఊరుకోవచ్చు. కానీ ముందు వారం తెల్లంగోడు గొడుగోడి కోటలోకి అడుగుపెట్టడం దగ్గర ఆగింది. వారమంతా మిషన్ మీద అదే ధ్యాస నాకు. ఆత్రం ఆగలేదు. వేసేశాను. తప్పు నాది, ముమ్మాటికీ నాదే.

అంత గొప్ప భాగం మొత్తం కథలోనే లేదు. కోట కూలుతుంటే పెంకులు ఒక్కొక్కటీ రాలడం, తెల్లంగోడు చివరిసారి అంగీ మడుచుకోవడం, నక్క వాడి దారికి అడ్డంగా నిలబడటం. గొడుగోడు గొడుగు మూశాడు. దాని కొనలో కత్తి ఉంది. తెల్లంగోడు కొండ మీది నుంచి చెరువులో పడ్డాడు. నీళ్ళు మూసుకున్నాయి. నక్క ఒడ్డున కూర్చుంది. పాట వచ్చింది. తెర నల్లబడింది. ఇంకో సీడీ లేదు.

ముందుగా రామక్కే అంది.

"సావు కాడ ఆపితిరి కదే!"

అందరూ చూసింది నా వంక కాదు, మా నాయన వంక. వీధిలో పోతూ నిలబడిన బయ్యన్న భార్య నారాయణమ్మ, "అదే నోరు, అదే ఊరు. మళ్ళా అదే పని" అనేసి పోయింది. హారతి పళ్ళెం వెలిగించకుండానే జనం లేచిపోయారు.

ఆ వారం మా నాయన తిండి మానేశాడు. నేను పక్కన కూర్చుని బతిమాలాను.

"నాయనా, లేచినాడని చెప్పేయి. ఎవరికి తెలుస్తాది?"

"పద్యంలో లేంది చెప్తే అది అర్థం గాదుమ్మా, అబద్దం."

"నీకు చైనా మాట్లు వచ్చునా ఏం? ఆరేండ్ల నుంచి చెప్పిందంతా ఏంది?"

"మొగాలు జూసి చెప్పినా. ఉన్నదే చెప్పినా. ఆ పిల్లోడు నీళ్ళల్లో పడినాడు. లేచినట్ల వాళ్ళు సూపీలేదు. నేనెట్ల లేపేది?" అన్నాడు. మళ్ళీ తనే, "రెండోతూరి గదమ్మా. ఈ తూరి గూడా పైరు ఎండిపోతే నేను ఈ ఊర్లో తలెత్తుకోని యాడ తిరిగేది?" అన్నాడు.

మా నాయన కళ్ళలో నీళ్ళు నేను అప్పుడే చూశాను. ఎర్రన్న బోరు సంగతి అంతమంది ముందు అనగలిగిన మనిషి ఆయన.

పని ఎగ్గొట్టి దివాకర్‌తో బెంగళూరు పోయాను. చైనా మెకానిక్కు ఇంకా ఉన్నాడు. యాభై దాటిన బట్టతల మనిషి, ముందు ఒక గాజు సీసాలో ఆకులు తేలే నీళ్ళు. సీడీ చూపించగానే ముఖం విప్పారింది. చెయ్యి పైకెత్తి కిందికి వదిలి తెల్లంగోడు పడటం చూపించాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపాడు. తర్వాతిది కావాలని సైగ చేశాను. గోడ మీది క్యాలెండర్ కాగితాలన్నీ చివరిదాకా తిప్పి, ఇంకా అవతలికి చెయ్యి చూపించాడు. వచ్చే ఏడు. కళ్ళు మూసి, తెరిచి, బతుకుతాడా అని అడిగాను. రెండు చేతులూ చాచాడు. ఆయనకూ తెలియదు. ఇంకా రాని కథ ఎవరికి తెలుస్తుంది?

నేను లేస్తుంటే ఆయన రెండు వేళ్ళు జోడించి రొమ్ముకు ఆనించాడు, అచ్చం తెల్లంగోడిలా. ఆలోచించకుండానే నేనూ అలాగే ఆనించాను. షాపులో వాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. ఊరూ భాషా తెలియని ఒక మనిషికి, నాకు ఒకే బెంగ ఉందని తెలిసింది. ఏడుపు వచ్చింది. ఉత్త చేతులతో బస్సెక్కాను.

ఆదివారం తొమ్మిదికి జనం వచ్చారు. ఈసారి చూడటానికి కాదు, అడగటానికి. మా నాయన అరుగు చివర తల దించుకుని కూర్చున్నాడు. చినుకు లేదు. వీధిలో ఆ చివర బయ్యన్న నిలబడి ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో అప్పటిదాకా అనుకోలేదు.

"చైనాయప్పను కలిసినా," అన్నాను. "తెల్లంగోడు సావలేదంట."

మా నాయన తలెత్తాడు. "ఆయప్ప తన నోటితో చెప్పినాడా?"

"చెప్పినాడు నాయనా."

"ఏమని చెప్పినాడో ఆ మాటే చెప్పు. వాళ్ళ భాషలోనే చెప్పు."

మరి ఆరేళ్ళు ఊరికే చూశానా? ప్రతి యుద్ధానికి ముందు తెల్లంగోడు అనే ఒక పొడుగాటి మాట ఉంది. దాని అర్థం దేవుడికి తెలియాలి. నాకు మాత్రం కంఠతా వచ్చు, మిషన్ తొక్కుతూ వందసార్లు అనుకున్నాను. రెండు చేతులూ కట్టుకుని ఆ మాట మొదటి నుంచి చివరిదాకా, వాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే నేనూ తీసుకుంటూ చెప్పేశాను.

మా నాయన ఆ మాటను నాకంటే తక్కువసార్లేం వినలేదు. ఆయన నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కళ్ళు దించలేదు. అక్కడున్న వాళ్ళలో ఇంకెవరికి తెలిసిందో నాకు తెలియదు, ఒక్కరూ కిక్కురుమనలేదు. చివరికి మా నాయన గొంతు సవరించుకున్నాడు.

"దీని అర్థమేమంటే," అన్నాడు.

పన్నెండు దాకా చెప్పాడు. టీవీ లేదు, బొమ్మ లేదు. "నీళ్ళు మనిషిని పట్టుకునేది సంపేదానికి గాదప్పా. ఈడ మనం నీళ్ళ కోసం ఎదురు సూస్తాండాం. ఆడ ఆ పిల్లోని కోసం నీళ్ళు ఎదురు సూసినాయి. వాడు పుట్టినప్పుడు వాన రూపంలో వాన్ని తడిపినాయి, వాడు నడిస్తే వాగు రూపంలో దారి జూపినాయి. అట్లాంటివి వాన్ని సంపుతాయా?" అంటూ మొదలుపెట్టి, చెరువు అడుగున తెల్లంగోడి గాయాన్ని చేపలు కడగడం, ఒడ్డున నక్క ఏడు పగళ్ళు కదలకుండా కూర్చోవడం, ఎనిమిదో పొద్దున నీళ్ళ మీద ముందు రెండు వేళ్ళు కనిపించడం, అన్నీ చెప్పాడు. ఆ రెండు వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి రామక్క బోరున ఏడ్చింది. మా నాయన జీవితంలో అంత గొప్ప అర్థం చెప్పలేదు. నేను అన్నీ విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. హారతి పళ్ళెం తిరిగింది. బయ్యన్న కూడా దగ్గరికి వచ్చి హారతి కళ్ళకద్దుకున్నాడు, మాట మాత్రం ఆడలేదు.

వాన పన్నెండు రోజులకు పడింది. పడాల్సినంత పడలేదు. ఆ ఏడూ పంట సగమే. కానీ ఆ సగం పోవడాన్ని ఎవరూ మా నాయన నోటికి అంటగట్టలేదు. ఆయన తలెత్తుకునే తిరిగాడు. నాకు కావలసింది అదొక్కటే.

మరుసటి ఏడు దివాకర్ కొత్త సీడీలు శనివారమే తెచ్చాడు. సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని పెట్టాను. మంచు కురుస్తోంది. కొండ మీద ఒక సమాధి రాయి, దాని పక్కన తెల్లనక్క, ముసలిదైపోయింది. ఒక చిన్న ఆడపిల్ల వచ్చి రాయి ముందు అగరుబత్తీలు గుచ్చి, అక్కడున్న కత్తి తీసుకుని వీపున కట్టుకుంది. పొగలో ఒక్క క్షణం తెల్లంగోడి ముఖం కనిపించి చెరిగిపోయింది. నక్క లేచి ఆ పిల్ల వెంట నడిచింది. ఇక వాడు లేడు. భాష రాకపోయినా తెలిసిపోయింది.

వాడు పోయినందుకు ఏడవాలో, రేపు పొద్దున ఊరికి ఏం చూపించాలో తెలియలేదు. వెనక ఊపిరి వినిపించి తిరిగి చూశాను. మా నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, మొత్తం చూశాడు. పద్యంలో లేంది చెప్పనన్న మనిషి. నేను చెప్పిన అబద్ధం ఆ తెర మీద ఆయన కళ్ళ ముందే ఉంది.

ఆయన ఆ సమాధి రాయి వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి పంచె దులుపుకున్నాడు.

"వీళ్ళు తప్పుగా తీసినారుమ్మా," అన్నాడు. "రేపు నేను సరిజేస్తాలే."